ఎనభై మూడు కింద నలభై ఏడు

కరెంటు తియ్యాల్సినవాళ్ళు తియ్యలేదు. ఇరవై ఆరు నిమిషాలు తియ్యలేదు. పట్టాల మీద వేలాడే తీగలో ఇరవై అయిదు వేల వోల్టులు అట్లాగే పారనిచ్చి, కింద పెట్టెలో మనుషుల్ని వేగనిచ్చినవాళ్ళు ఇవాళ నూర్‌పుర యార్డు విశ్రాంతి గృహంలో కూలర్ పెట్టించుకుని, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిపించుకుని విచారణ చేస్తున్నారు. ఎవరిని? పైపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. సిగ్గనేది ఉంటే ఆ గుడ్డే తీసి మొహాలకు కప్పుకోవాలి.

ఆ నిలబడ్డవాడు సుధీంద్ర. ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీ చుట్టుపక్కలే, ఇల్లు వైశాలిలో. పోయిన వారం మనం అతన్ని ఇదే విశ్రాంతి గృహం మెట్ల మీద వదిలిపెట్టాం. సాయంత్రం అయిదు లోపల తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే క్రిమినల్ కేసు అని చేతిలో నోటీసు. కేసు ఇదీ: రెండు వేల ఏడు మే నెల, మిట్టమధ్యాహ్నం. ఘాజియాబాద్ నుంచి ఢిల్లీ పోయే షటిల్ ప్యాసింజర్‌లో ఒక జనరల్ పెట్టె నూర్‌పుర యార్డులో అంటుకుంది. ఒక గుమ్మానికి పాలవాళ్ళ ఖాళీ క్యాన్లు అడ్డం. కిటికీలకు ఊచలు. పన్నెండూ పద్నాలుగుకు సుధీంద్ర ఫైర్ బండి వచ్చింది. మంట ఆర్పే పొడి మందు సిలిండర్లు ఆరు ఉంటే ఆరూ కొట్టి, రెండో గుమ్మంలోంచి పదకొండు మందిని బయటికి లాగారు. నాలుగు నిమిషాల్లో పొడి అయిపోయింది. ఇక మిగిలింది నీళ్ళు. పైన తీగ బతికుండగా నీళ్ళు కొడితే కరెంటు ఆ ధార పట్టుకునే దిగొస్తుంది. పైపు పట్టినవాడు బొగ్గు. తడిసిన పెట్టెలో ఊపిరున్నవాడూ బొగ్గు. అందుకని కరెంటు తీశామని స్టేషన్ మాస్టర్ ఒక నంబరు చెప్పాలి. ఫైర్‌మన్ ఆ నంబరు తిరిగి చెప్పి, సుద్దముక్కతో బండి తలుపు మీద రాసుకోవాలి. అప్పుడే వాల్వు తిప్పాలి.

సుద్దముక్క పిడికిట్లో పట్టుకుని సుధీంద్ర నిలబడ్డాడు. నంబరు పన్నెండూ నలభైకి వచ్చింది. నలభై ఏడు. అప్పటికి పెట్టెలో అరుపులు లేవు. ఏడు శవాలు.

పన్నెండూ ఇరవై ఒకటికే నంబరు ఇచ్చేశామని ఇప్పుడు రైల్వే అంటోంది. బండి తలుపు మీది సుద్దరాత మర్నాడు పొద్దున్నే చెరిగిపోయింది. టీవీ వాళ్ళు వస్తున్నారని పైనుంచి ఆర్డరొస్తే, బండిని కడిగి తళతళలాడించింది సుధీంద్ర మనుషులే.

"లోపలికి రా బాబూ. ఎండలో ఏం నిలబడతావు," అన్నాడు రాధాకృష్ణమూర్తి.

ఆయనే విచారణ అధికారి. కాకినాడ మనిషి, రైల్వేలో పెద్ద హోదా. ఉగాదికి తెలుగువాళ్ళు కలిసినప్పుడు పిల్లలకు బహుమతులు పంచేది ఆయనే. సుధీంద్ర చిన్నప్పుడు ఒకసారి ఆయన చేతి మీదుగా పెన్నుల డబ్బా తీసుకున్నాడు. అందుకే నోటికి అంకుల్ అనే వస్తుంది.

వరండా చివరికి తీసుకుపోయి ఆయన గొంతు తగ్గించాడు. తెలుగులో మాట్లాడితే చుట్టూ ఉన్న హిందీ వాళ్ళకు అర్థం కాదు. తెలుగు ఆయనకు ఇట్లాంటి పనులకే అక్కరకొస్తుంది.

"మనవాడివి కాబట్టి చెప్తున్నాను. జనం గోలలో నంబరు వినపడలేదని రాసిచ్చెయ్. నీ తప్పు పెద్దది కాదు, చెవి తప్పు. ఆరు నెలలు సస్పెన్షన్, తర్వాత నేను చూసుకుంటాను."

"వినపడకపోవడమేంటి అంకుల్? ఎవరూ చెప్పలేదు."

"చెప్పారని రికార్డుంది. చెప్పలేదని నీ దగ్గరేముంది?"

"నేనున్నాను గదా."

"నువ్వు ముద్దాయివి. ముద్దాయి మాట రికార్డవదు." రాధాకృష్ణమూర్తి జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీ అమ్మగారు ఎలా ఉన్నారు? మీ గుమ్మానికి ఎవరో గాజులు కట్టి పోయారని విన్నాను."

నిజమే, కట్టారు. డజను ఆకుపచ్చ గాజులు, కింద హిందీలో చీటీ, తొడుక్కోమని. తల్లి కాంతమ్మ వాటిని విప్పి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, ఏమీ జరగనట్టు చపాతీలు చేసింది. ఆ సంగతి ఈయనదాకా ఎట్లా చేరింది?

"సంతకం పెడితే ఇవన్నీ ఆగుతాయి. జనం మరిచిపోతారు. జనానికి ఇంకేం పని లేదనుకుంటున్నావా?" అని భుజం తట్టి ఆయన లోపలికి నడిచాడు.

*

గదిలో బల్లకు అవతల రాధాకృష్ణమూర్తి. ఆయన పక్కన స్టేషన్ మాస్టర్ త్యాగీ. యాభై దాటిన మనిషి, నోట్లో పాన్ లేక దవడలు ఊరికే ఆడుతున్నాయి. తలుపు దగ్గర రైల్వే పోలీసు ఒకడు. బల్లకు ఇవతల, గోడవారగా ఒక ముసలాయన. తెల్ల పంచె, బుష్ షర్టు, ఒళ్ళో గుడ్డసంచి.

ఆయన పేరు వెంకటసుబ్బయ్య. కడప జిల్లాలో బడిపంతులు. పాతిక రోజులుగా ఢిల్లీలోనే ఉన్నాడు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కూతురు అద్దెకుండిన గదిలోనే పడుకుంటున్నాడు, ఆమె పుస్తకాల మధ్య. కూతురు కావేరి. సివిల్స్‌కు చదువుతుండేది, ఇరవై మూడేళ్ళు. ఘాజియాబాద్‌లో స్నేహితురాలి దగ్గర నోట్సు తెచ్చుకుందామని పోయి, ఆ షటిల్ ఎక్కింది.

సుధీంద్రను చూడగానే వెంకటసుబ్బయ్య లేచాడు.

"నువ్వేనా? టీవీలో పైపు పట్టుకోని బొమ్మ మాదిరి నిలబడినోడు నువ్వే గదా?"

"అవునండీ."

"తెలుగోడివంట గదా."

"అవునండీ."

"సంతోషం నాయనా. నా బిడ్డ కాలేటప్పుడు మనోడు ఒకడన్నా దగ్గరుండినాడు."

త్యాగీకి తెలుగు రాకపోయినా తల దించుకున్నాడు. రాధాకృష్ణమూర్తి ముసలాయన్ని ఆపలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తుడుచుకుంటూ జరగనిచ్చాడు. చనిపోయిన పిల్ల తండ్రిని ఇక్కడికి పిలిపించింది ఇందుకే.

"ఒక్కటి అడుగుతా చెప్పు," అన్నాడు వెంకటసుబ్బయ్య. "నువ్వు ఎంత దూరంలో ఉండినావు?"

"పదిహేను అడుగులు."

"నా బిడ్డ కనపడిందా?"

సుధీంద్ర ఈ ప్రశ్న వస్తుందని ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు. అబద్ధం కూడా తయారు చేసుకున్నాడు. పొగలో ఏమీ కనపడలేదని చెప్పాలని. ముసలాయన మొహం చూశాక ఆ అబద్ధం నాలుక మీదికి రాలేదు.

"కనపడింది. నడిమి కిటికీ. ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టింది. నేను తెలుగువాణ్ణని ఆమెకు తెలీదు. తెలుగులోనే అరిచింది. అక్కడున్న వందమందిలో నాకొక్కడికే అర్థమైంది."

"ఏమని అరిచింది?"

"వద్దండీ."

"నా బిడ్డ ఆఖరి మాట నీ దగ్గర దాపెట్టుకుంటావా? నీకేం హక్కుండాది? చెప్పు."

"అన్నా, నీళ్ళు... నీళ్ళున్నాయి గదన్నా మీ కాడ, అని."

కూలర్ గడగడమని తిరుగుతోంది. వెంకటసుబ్బయ్య గోడకు చెయ్యి ఆనించి, నెమ్మదిగా కూచున్నాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే సుధీంద్రకు కొంచెం తేలికయ్యేది.

"సరే," అన్నాడు. "ఉండాయి అని చెప్పినావా?"

సుధీంద్ర తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ చెప్పలా. నిలబడినావు."

*

ఇప్పుడు సమయం వచ్చిందనుకున్నాడు రాధాకృష్ణమూర్తి. కాగితం ముందుకు తోశాడు, మీద పెన్ను పెట్టాడు. "మాస్టారూ, మీ బాధ మాకు తెలుసు. రైల్వే తరఫున లోపం లేదు. పన్నెండూ ఇరవై ఒకటికి కరెంటు తీశాం, నంబరు ఇచ్చాం, అంతా రాసి ఉంది. ఈ అబ్బాయి పందొమ్మిది నిమిషాలు వృథా చేశాడు. ఒప్పుకుంటే ఇవాళే ఫైలు మూసేస్తాం."

"నేను చూడాల," అన్నాడు వెంకటసుబ్బయ్య.

"ఏమిటి?"

"ఇరవై ఒకటికి ఇచ్చినారని రాసినారంటిరే. ఆ రాసింది. జిరాక్సు కాదు, అసలుది. సమాచార హక్కు అని చట్టం వచ్చిందంట గదా, నా బిడ్డ దాని గురించే వ్యాసం రాసి పెట్టుకోనుండాది గదిలో. చదివి వచ్చినా."

రాధాకృష్ణమూర్తి ఒక క్షణం ఆలోచించాడు. ముసలి పంతులు. టైము చూస్తాడు, సంతకం చూస్తాడు, ఆ కుర్రాడి మీద ఇంకా మండిపోతాడు. మంచిదే. "దిఖా దో త్యాగీ జీ," అన్నాడు, చూపించమని.

త్యాగీ దవడ ఆగింది. "సర్, కాపీ సరిపోతుంది గదా..."

"అరె, దిఖా దో."

త్యాగీ చేతిసంచిలోంచి ఒక పొడవాటి కాగితం తీశాడు. నిలువునా, పెద్దా చిన్నా క్రమం లేకుండా అచ్చుపడ్డ రెండంకెల నంబర్ల వరస. సగం దాకా ఎర్ర గీతలు, గీతల పక్కన టైములు, చిన్న రాతలు. వెంకటసుబ్బయ్య కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టి వెతికాడు. దొరికింది. నలభై ఏడు. పక్కన హిందీలో ఫైర్ అని రాసి, 12-21. లేచి వచ్చి ఆ కాగితాన్ని సుధీంద్ర మొహానికి జానెడు దూరంలో పెట్టాడు.

"చూడరా. కండ్లు తెరిచి చూడు. ఇరవై ఒకటి. ఇచ్చినారు. నా బిడ్డ అన్నా అని పిల్చినాక కూడా పందొమ్మిది నిమిషాలు. చూడు."

సుధీంద్ర చూశాడు. మొదట టైము చూశాడు. తర్వాత చూపు దానంతటదే పైకి పోయింది, చిన్నప్పటి అలవాటుగా.

వాళ్ళ నాన్న సుందరరామయ్య స్టేషన్ మాస్టర్‌గానే రిటైరయ్యాడు. ఇట్లాంటి కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు. ఫోన్లో స్టేషన్ మాస్టర్ ఇచ్చే ప్రతి మాటకూ ఒక నంబరు ముద్ర. బండిని పంపొచ్చు అన్నా నంబరే, లైను ఖాళీ అన్నా నంబరే. అచ్చులో ఉన్న వరసలోనే, పైనుంచి కిందికి, ఒకటి ఇచ్చి కొట్టేసి, టైము రాసి, తర్వాతే దాని కిందిది. ఏడేళ్ళప్పుడు సుధీంద్ర ఎర్ర పెన్సిలు దొరికిందని ఒక నంబరు ముందే కొట్టేశాడు. నాన్న జీవితంలో ఒక్కసారే కొట్టాడు, ఆ రోజే. పైదాన్ని వదిలి కిందిదాని జోలికి పోతే రెండు రైళ్ళు గుద్దుకుంటాయిరా అన్నాడు. ఆ సాయంత్రమంతా సంజాయిషీలు రాసుకున్నాడు.

నలభై ఏడుకు సరిగ్గా పైన ఎనభై మూడు ఉంది. ఎర్ర గీత. పక్కన టైము.

12-38.

సుధీంద్ర ఆ రెండు వరసలూ మళ్ళీ చదివాడు. ఇంకోసారి చదివాడు.

"త్యాగీ జీ," అన్నాడు హిందీలో. "ఎనభై మూడు ఎప్పుడిచ్చారు?"

"అందులో ఉంది గదా భాయ్."

"మీరు చెప్పండి."

"పన్నెండూ ముప్పై ఎనిమిది."

"దాని తర్వాత ఇచ్చింది?"

త్యాగీ చెయ్యి కాగితం వైపు పోయింది.

"మీ రూలు నాకు తెలుసు. మా నాన్న మీ డ్యూటీయే ముప్పై ఏళ్ళు చేశాడు. ఎనభై మూడు ఇవ్వకుండా నలభై ఏడు ఇవ్వగలరా మీరు?"

"ఇవ్వకూడదు."

"ఇచ్చారా?"

"నా సర్వీసులో ఎప్పుడూ వరస తప్పలేదు," అన్నాడు త్యాగీ. ఆ మాట గర్వంగా మొదలై సగంలోనే నీరుగారిపోయింది. టైము మార్చమంటే మార్చాడు. వరస మార్చడం ఎవరి తరమూ కాదు, అది అచ్చు.

వెంకటసుబ్బయ్యకు హిందీ కొంతే వచ్చు. అయినా ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దినవాడు. కాగితం వెనక్కి తిప్పుకుని, ఒక వేలు ఎనభై మూడు మీద, ఒక వేలు నలభై ఏడు మీద పెట్టాడు.

"పైది ముప్పై ఎనిమిదికి. కిందిది ఇరవై ఒకటికి." గొంతు మారిపోయింది. "పై మెట్టు దిగకముందే కింది మెట్టు మీదికి ఎట్ల దిగినావబ్బా?"

"అదంతా టెక్నికల్, మాస్టారూ," అన్నాడు రాధాకృష్ణమూర్తి. "క్లరికల్ మిస్టేక్ అయి ఉంటుంది. ఆ కాగితం ఇటివ్వండి."

"ఎనభై మూడు దేనికిచ్చారు త్యాగీ జీ?" సుధీంద్ర గొంతు పెంచలేదు. "పక్కన చిన్నగా రాశారు, నాకు కనపడటం లేదు."

"స్పెషల్‌కి."

"ఏ స్పెషల్?"

"ఇన్‌స్పెక్షన్ స్పెషల్."

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ పొగా, చెయ్యీ, ఆ గొంతూ తప్ప ఇంకేమీ గుర్తు రానివ్వని బుర్రకు ఇప్పుడు గుర్తొచ్చింది. మూడో లైను మీద మూడే పెట్టెల రైలు మెల్లగా పోయింది. మెరిసే పెట్టెలు. కిటికీలకు పరదాలు. పెట్టె అక్కడ కాలుతుంటే ఆ రైలుకు దారెట్లా ఇచ్చారని అనుకునే తీరిక కూడా ఆరోజు లేదు. ఒక కిటికీ దగ్గర పరదా కొంచెం పక్కకు జరిగింది. ఎవరో చూశారు. పరదా పడిపోయింది.

యార్డు తీగలన్నీ ఒకే స్విచ్చు కింద. కాలే పెట్టె మీద కరెంటు తీస్తే మూడో లైను మీద కూడా పోతుంది. స్పెషల్ దారిలో ఆగిపోతుంది.

"అది పోయేదాకా తియ్యలేదు," అన్నాడు సుధీంద్ర. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు.

"చూడు బాబూ," అన్నాడు రాధాకృష్ణమూర్తి తెలుగులో, ఇంకా మెత్తగానే. "యార్డు మొత్తం ఆపడం అంటే నీ బండి వాల్వు తిప్పినట్టు కాదు. మెయిన్ లైను. వెనకాల ఎన్ని బళ్ళు, ఎన్ని వేలమంది. ఆ స్పెషల్ కూడా భద్రతా తనిఖీ కోసం వచ్చిందే. ఒక జనరల్ పెట్టె కోసం..."

ఆగిపోయాడు. ఆగినా లాభం లేదు. ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురు.

"ఒక జనరల్ పెట్టె కోసం," అన్నాడు వెంకటసుబ్బయ్య. "చెప్పు సారూ. మిగతాది గూడ చెప్పు."

"మీరు ఉద్రేకపడకండి."

"నేను ఉద్రేకపడలా. టికెట్టు ఎంతదో అడుగుదామనుకుంటాండా. ఎంత పెట్టి కొని ఉంటే నా బిడ్డకు నీళ్ళు కొట్టనిచ్చేటోళ్ళు మీరు?"

రాధాకృష్ణమూర్తి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మెత్తదనం పోయింది. "విచారణ ఇక్కడికి ఆపుతున్నాను. అది రైల్వే రహస్య పత్రం. కాన్‌స్టేబుల్, వో కాగజ్ ఇధర్ లావో. దర్వాజా బంద్ కరో."

పోలీసు తలుపు వేసి గడియ పెట్టాడు. రెండడుగులు వేశాడు. వెంకటసుబ్బయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి షర్టు లోపలికి తోసి, మీద రెండు చేతులూ కట్టుకున్నాడు. తీసుకోవాలంటే ముసలాయన్ని పడేసి తీసుకోవాలి. సుధీంద్ర మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ పోలీసుకు ఇరవై అయిదేళ్ళుంటాయేమో, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"త్యాగీ జీ," అన్నాడు సుధీంద్ర వెనక్కి తిరగకుండానే. "స్పెషల్ పోయేదాకా కరెంటు తియ్యొద్దని కరెంటు కంట్రోల్ రూం వాళ్ళు చెప్పారా?"

త్యాగీ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. మొత్తం నూర్‌పుర స్టేషన్ ఆ మొహం మీద ఉన్నట్టు తుడుచుకున్నాడు.

"నహీఁ. కంట్రోల్ వాళ్ళు పన్నెండూ ఇరవైకే తీస్తామన్నారు. నేను పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు ఫోన్ వచ్చింది."

"ఎక్కడినుంచి?"

"త్యాగీ," అన్నాడు రాధాకృష్ణమూర్తి. ఒక్క మాటే. అందులో పెన్షను ఉంది, క్వార్టరు ఉంది, కొడుకు ఉద్యోగం ఉంది.

"స్పెషల్‌లోంచి," అన్నాడు త్యాగీ. "పరదాల సెలూన్ పెట్టెలోంచి. మొబైల్ మీద."

"అందులో ఎవరెవరున్నారు?"

"ముగ్గురు ఆఫీసర్లు."

త్యాగీ కళ్ళు బల్ల అంచు వెంబడి మెల్లగా పక్కకు జరిగి, పక్క కుర్చీ చెయ్యి మీద ఆగాయి. ఆ చేతి మీద రాధాకృష్ణమూర్తి వేళ్ళు ఉన్నాయి. అవి కదలడం లేదు.

కూలర్‌లో నీళ్ళయిపోయి ఉత్త గాలి కొడుతోంది. వెంకటసుబ్బయ్య కూడా చూశాడు ఆ వేళ్ళను. చూసి, సుధీంద్ర వీపు మీద చెయ్యి వేశాడు. తోస్తున్నాడో ఆసరా పట్టుకుంటున్నాడో తెలియని చెయ్యి.

సుధీంద్ర బల్ల దగ్గరికి నడిచాడు. ఇన్నాళ్ళూ అంకుల్ అన్న నోరు ఈసారి ఆ మాట వాడలేదు.

"మీరు ఆ కుర్చీలోంచి లేవండి. మీరు విచారించేవాళ్ళు కాదు, విచారణలో నిలబడాల్సినవాళ్ళు. భయ్యా, ఆ గడియ తియ్యి, బయటి పోలీసుల్ని పిలిపించు, ఈ కాగితం వాళ్ళ చేతికే పోవాలి. త్యాగీ జీ, మీరు ఎక్కడికీ పోవద్దు. ఆ ముగ్గురిలో మీకు ఫోన్ చేసిందెవరు? ఈ మాస్టారి కూతురి ముందు నేను నోరు మూసుకుని నిలబడ్డాను, మీరు నిలబడకండి. ఆ పేరు ఈయన మొహం చూసి చెప్పండి. ఇప్పుడే చెప్పండి."